గుంటూరు లాకప్పులో తమిళం

తమిళంలో 'విసారణై' అంటే మన 'విచారణ'. మాట ఒకటే, పలకటంలోనే కాస్త తేడా. విచారించటమంటే తెలియనిదేదో తెలుసుకోవటానికి అడగటం. వెట్రిమారన్ తీసిన ఆ పేరుగల సినిమాలో మొదటి గంటసేపు పోలీసులు తెలుసుకోవాలనుకునేది ఏమీ ఉండదు. ఏం చెప్పించాలో వాళ్ళకి ముందే తెలుసు, దాన్ని చెప్పే నోరు కావాలి. 2015 సెప్టెంబరులో వెనిస్ చిత్రోత్సవంలో చూపించి 2016 ఫిబ్రవరిలో విడుదల చేసిన ఈ సినిమాకి ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. ఆస్కారు పోటీకి భారతదేశం తరఫున దీన్నే పంపారు. తమిళులు దీని గురించి చాలానే రాసుకున్నారు. మనం మాట్లాడుకోవలసినంతగా మాట్లాడుకోలేదని నా ఫిర్యాదు. ఎందుకంటే కథ మొదలయ్యేది గుంటూరులో, కొట్టేవాళ్ళు మాట్లాడేది తెలుగు.

దీనికి మూలం 'లాకప్' అనే తమిళ పుస్తకం. రాసిన ఎం. చంద్రకుమార్ కోయంబత్తూరులో ఆటో నడుపుకునే మనిషి. 1983లో పొట్ట చేతపట్టుకుని గుంటూరు వచ్చి, తాము చెయ్యని దొంగతనం కేసులో పోలీసులకి చిక్కిన కుర్రవాళ్ళలో ఆయనొకరు. రెండు దశాబ్దాలకు పైగా గడిచాక, 2006లో ఆ పుస్తకం అచ్చయింది.

సినిమాలో పాండి, మురుగన్, అఫ్జల్, కుమార్ అనే నలుగురు గుంటూరులో చిన్నాచితకా పనులు చేసుకుంటూ రాత్రిళ్ళు ఒక పార్కులో పడుకుంటారు. ఒక పెద్దింట్లో దొంగతనం జరిగింది, పైనుంచి ఒత్తిడి ఉంది, కేసు మూసెయ్యాలి. పార్కులో పడుకునే పరాయి ఊరివాళ్ళ కోసం అడగవచ్చేవాళ్ళెవరు? పట్టుకుపోతారు. కొడతారు. ఎందుకు కొడుతున్నారో చెప్పరు. ఒప్పుకోమంటారు. ఏం ఒప్పుకోవాలో ఆ పిల్లలకు అర్థం కావటానికే చాలాసేపు పడుతుంది. అన్నం ముట్టమని మొండికేస్తే, వదిలేస్తామని నమ్మించి తినిపించి మళ్ళీ మొదలుపెడతారు. ఇన్‌స్పెక్టర్ విశ్వేశ్వరరావుగా వేసిన అజయ్ ఘోష్ మన తెలుగు నటుడే. ఆ పాత్రకి ఆవేశం లేదు. పని పూర్తికాని గుమాస్తాకి ఉండే చిరాకు మాత్రమే ఉంది. దాన్ని ఆయన గొప్పగా పట్టుకున్నాడు.

ఈ సినిమా చూసే తెలుగువాడికి తమిళ ప్రేక్షకుడికి ఎదురుకాని ఇబ్బంది ఒకటి ఎదురవుతుంది. కెమెరా ఎప్పుడూ పాండి వైపే ఉంటుంది. అతను చూసిందే మనమూ చూస్తాం. పోలీసుల మాటలు అతనికి చాలావరకు అర్థం లేని అరుపులు. ఏ అరుపు తరవాత దెబ్బ పడుతుందో అతను పోల్చుకోలేడు. తమిళ ప్రేక్షకుడికీ అంతే. మనకి మాత్రం ప్రతి ముక్కా తెలుస్తుంది. ఆ యాస, ఆ తిట్టు, ఆ 'ఏరా' మనం పుట్టి పెరిగిన వీధుల్లో విన్నవే. కళ్ళు దెబ్బలు తింటున్నవాడి దగ్గరుంటాయి, చెవులు కొట్టేవాడి దగ్గరుంటాయి. దర్శకుడు తెలుగువాళ్ళని దృష్టిలో పెట్టుకుని ఇలా చేశాడని నేననను. కానీ ఒక పరాయి సినిమాలో మన భాష అధికార భాషగా, భయపెట్టే భాషగా వినిపించటం మనకి అలవాటు లేని అనుభవం. మనది మద్రాసులో చిన్నచూపు చూడబడ్డ భాష అనీ, ఢిల్లీ పట్టించుకోని భాష అనీ చెప్పుకోవటమే మనకి అలవాటు.

మన సినిమాల్లో పోలీసు కథ ఎటునుంచి చూపిస్తారో ఒకసారి గుర్తు చేసుకుంటే ఈ తేడా బోధపడుతుంది. 'అంకుశం' (1989)లో రాజశేఖర్ ఊరి నడివీధిలో విలన్ని ఈడ్చుకెళుతుంటే హాళ్ళు మోగిపోయాయి. 'విక్రమార్కుడు' (2006), 'గబ్బర్ సింగ్' (2012), 'టెంపర్' (2015) వరకూ రకరకాల పోలీసు హీరోలొచ్చారు. ఒకడు నిజాయితీపరుడు, ఒకడు కొంటెవాడు, ఒకడు లంచగొండిగా మొదలై మారినవాడు. మారనిది ఒకటే, మనం ఎప్పుడూ లాఠీ పట్టుకున్న చేతి వైపు నిలబడి చూస్తాం. దెబ్బ తినేవాడు దోషి అని మనకి ముందే చూపించేశారు కాబట్టి విచారణ అనవసరం. 'గబ్బర్ సింగ్'లో రౌడీల చేత అంత్యాక్షరి పాడించే ఘట్టం చూసి నవ్వనివాళ్ళు అరుదు. హాస్యంగా అది బాగుంది కూడా. అయితే ఒక గదిలో పోలీసు ఏం చెయ్యమంటే అది చెయ్యవలసి రావటమనే స్థితిని హాస్యంగా చూడగలుగుతున్నామంటే ఆ గదిలో మనమెక్కడ కూర్చున్నామో తెలుస్తూనే ఉంది.

మన సాహిత్యం మాత్రం అలా లేదు. విశాఖపట్నంలో క్రిమినల్ కేసులు వాదించిన రావిశాస్త్రి గారు 'ఆరు సారా కథలు' రాసినప్పుడు బోనులో నిలబడ్డవాళ్ళ పక్కన నిలబడే రాశారు. 'మాయ' కథలో ముత్యాలమ్మ కుర్ర లాయరుకి పోలీసూ కోర్టూ ఎలా నడుస్తాయో విడమరచి చెపుతుంది. ఆమె మాట్లాడే ఉత్తరాంధ్ర మాండలికానికీ కోర్టు భాషకీ మధ్య దూరం, పాండి తమిళానికీ గుంటూరు స్టేషన్ తెలుగుకీ మధ్య ఉన్న దూరం కన్నా మరీ తక్కువేమీ కాదు. రావిశాస్త్రి కథల్ని మెచ్చుకునే తరంవాళ్ళే 'అంకుశం'కి ఈలలు వేశారు. ఇందులో వింతేమీ లేదు, చదివేటప్పుడు ఒక మనిషిగానూ హాల్లో మరో మనిషిగానూ ఉండటం అందరం చేసే పనే.

'విసారణై'లో దెబ్బలు ఎక్కువయ్యాయని, చూడలేకపోయామని చాలామంది అంటారు. నాకు ఆ దెబ్బల వెనక ఉన్న లెక్క ఎక్కువ ముఖ్యమనిపించింది. పోలీసు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షనులోనే ఉంది. తెల్లదొరలకి కూడా తమ పోలీసుల మీద నమ్మకం లేదన్నమాట. 2024 జులై 1న ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చినా ఈ నియమం మారలేదు. కాబట్టి స్టేషన్లో ఒప్పుకుంటే చాలదు, మేజిస్ట్రేటు ముందు నోరు విప్పి చెప్పాలి. అందుకని స్టేషన్లో జరిగేది రిహార్సలు. పాండి చేత ఒక పాత్ర వేయించాలి, అది కోర్టులో తడబడకుండా వెయ్యాలి. ఒప్పుకోలుని నిరోధించటానికి పెట్టిన సెక్షనే దెబ్బల్ని ఇంకో గుమ్మం దాకా పొడిగించింది. వెట్రిమారన్ ఈ సంగతి ఒక్క మాటలో కూడా చెప్పడు. నలుగురినీ కోర్టుకి తీసుకెళ్ళటంలో చూపిస్తాడు.

అరెస్టయినవాడికి కారణం చెప్పాలని, ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెపుతోంది. కారణం ఏ భాషలో చెప్పాలి? ఈ ప్రశ్న 1962లోనే సుప్రీం కోర్టు ముందుకొచ్చింది. ముందస్తు నిర్బంధంలో ఉన్న హరికిసన్ అనే ఆయనకి కారణాలన్నీ ఇంగ్లీషులో రాసిచ్చారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, అనువాదం ఇమ్మన్నాడు. అధికారి నోటితో వివరించాడు కదా అని ప్రభుత్వం వాదించింది. అది చాలదని కోర్టు ఆయన్ని విడుదల చెయ్యమంది. ఏ నేరానికి అరెస్టు చేసినా కారణాలు రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలని అదే కోర్టు నిర్ద్వంద్వంగా చెప్పటానికి 2025 నవంబరు దాకా పట్టింది. గుంటూరు పార్కులో పడుకున్న కుర్రవాళ్ళకి ఇవేమీ అందుబాటులో లేవు.

సినిమా మొత్తానికీ గొప్ప ఘట్టం కోర్టులో వస్తుంది. పాండి అన్నీ తలవూపి ఒప్పుకోవలసిన సమయంలో తమిళంలో మొర పెట్టుకుంటాడు. న్యాయమూర్తికి తమిళం రాదు. వేరే పనిమీద, కేకే అనే ఆడిటరుని పట్టుకోవటానికి వచ్చిన ముత్తువేల్ అనే తమిళ పోలీసు అధికారి అక్కడుంటాడు. అతను అనువాదం చేస్తాడు. నలుగురూ బయటపడతారు. విచారణ అనదగ్గది సినిమాలో జరిగేది ఆ ఒక్కసారే, అది జరగటానికి కావలసి వచ్చింది ఒక దుబాసీ. నిందితుడికి అర్థమయ్యే భాషలో సాక్ష్యాన్ని వివరించాలని అప్పటి నేర శిక్షాస్మృతి 279వ సెక్షను చెపుతూనే ఉంది. ఇక్కడ మాత్రం అది అదృష్టవశాత్తు, ఒక పోలీసువాడి దయవల్ల జరుగుతుంది. ఆ దయకి తరవాత వడ్డీతో సహా చెల్లించాల్సి వస్తుంది. ముత్తువేల్‌గా సముద్రఖని ముఖంలో ఆ క్షణాన కనిపించే చిన్న సంకోచం కోసమైనా ఆయనకి సహాయ నటుడిగా జాతీయ బహుమతి ఇవ్వటం న్యాయమే.

రెండో సగం గురించి నాకు అభ్యంతరం ఉంది. అది పుస్తకంలో లేదు, దర్శకుడు కల్పించింది. కేకేని మద్రాసు తీసుకెళ్ళటంలో సాయపడ్డ పాపానికి పాండి బృందం అక్కడి స్టేషన్లో ఇరుక్కుంటుంది. రాజకీయ నాయకుల లెక్కలు, కోట్ల డబ్బు, కస్టడీలో ఒక చావు, దాన్ని కప్పిపుచ్చటానికి మరికొన్ని చావులు. ఉత్కంఠగా ఉంటుంది, బిగువుగా ఉంటుంది. కానీ మొదటి సగం మనకి చెప్పినదాన్ని ఇది పలచన చేస్తుంది. గుంటూరులో కుట్ర ఏమీ లేదు. మూయవలసిన ఒక ఫైలు ఉంది, అంతే. మామూలు పోలీసులు మామూలు పనిగా మనుషుల్ని చితక్కొట్టారు. మద్రాసు వచ్చేసరికి హింసకి ఒక పెద్ద కారణం దొరుకుతుంది. కారణం పెద్దదైనకొద్దీ ప్రేక్షకుడికి ఊరట. అంత పెద్ద డబ్బు గొడవల్లో మనలాంటివాళ్ళం ఇరుక్కోం కదా అనుకుని ఇంటికి పోవచ్చు.

అయితే దర్శకుడి పక్షాన ఒక మాట చెప్పాలి. 2012 ఫిబ్రవరిలో మద్రాసు వేళచ్చేరిలో బ్యాంకు దొంగలన్న అనుమానం మీద ఐదుగురు ఉత్తరాది యువకుల్ని పోలీసులు ఒక ఇంట్లో కాల్చి చంపారు. ఆ సంగతి తెలిసినవాళ్ళకి చివరి ఘట్టం చూస్తుంటే అది గుర్తు రాకమానదు. అంటే గుంటూరులో తెలుగు చేసినపనే మద్రాసులో తమిళం చేస్తుందని ఆయన తన వాళ్ళకి చెపుతున్నాడు. సొంత భాషని వెనకేసుకు రాలేదు. ఆ నిజాయితీని ఒప్పుకుంటూనే, మూడో భాషవాళ్ళకి జరిగినదాన్ని మళ్ళీ తమిళ కుర్రవాళ్ళకే జరిగినట్టు చూపించటం వల్ల ఆ దెబ్బ పదును కొంత పోయిందనే అంటాను.

మన వైపు లెక్క కూడా చూసుకోవాలి. ఈ సినిమా వెనిస్‌కి వెళ్ళటానికి అయిదు నెలల ముందు, 2015 ఏప్రిల్ 7న, శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగలని చెప్పి ఆంధ్ర పోలీసుల టాస్క్‌ఫోర్సు ఇరవై మందిని కాల్చి చంపింది. చనిపోయినవాళ్ళు తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. రాళ్ళూ గొడ్డళ్ళతో మీద పడ్డారని, ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులన్నారు. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం ఆరోపణగా లేనివాణ్ణి అరెస్టు చేసే క్రమంలో చంపే హక్కు ఈ సెక్షను ఇవ్వదని నేర శిక్షాస్మృతి 46లో స్పష్టంగా ఉంది. కొత్త నాగరిక సురక్షా సంహితలో అదే వాక్యం 43వ సెక్షనులోకి వచ్చింది. అందుకనే ఇలాంటివన్నీ అరెస్టు కథలుగా కాక ఆత్మరక్షణ కథలుగా బయటికొస్తాయి. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని కాల్చి చంపినప్పుడూ పోలీసులు చెప్పింది ఆ కథే. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీం కోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ మాత్రం, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, పోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లనీ 2022లో నివేదిక ఇచ్చింది. పూలు చల్లేనాటికి కథ ఒకటే వినపడింది, రెండోది వినపడటానికి రెండేళ్ళు పైన పట్టింది.

'జైభీమ్' (2021) చాలామంది మనవాళ్ళు తెలుగు డబ్బింగులో చూశారు. హెబియస్ కార్పస్ పిటిషను అనే ఒక కాగితం ఏం చెయ్యగలదో అంత ఓపికగా చూపించిన సినిమా మనకి మరొకటి లేదు. పోలీసు హింసని నిలదీసిన ఆ సినిమాలోనే ఒకచోట ప్రకాష్ రాజ్ వేసిన మంచి పోలీసు అధికారి, హిందీలో మాట్లాడిన తాకట్టు వ్యాపారిని చెంప మీద కొట్టి మన భాషలో మాట్లాడమంటాడు. తమిళంలో 'తమిళంలో మాట్లాడు' అంటాడు, తెలుగులో 'తెలుగులో మాట్లాడు' అంటాడు. తమిళనాట జరిగే కథలో తెలుగు ఎందుకు మాట్లాడాలో డబ్బింగువారికే తెలియాలి! హిందీలో ఆ డైలాగునే మార్చేశారు. ఈ చెంపదెబ్బ మీద అప్పట్లో పెద్ద దుమారం రేగింది. కానీ అది హిందీవాళ్ళ ఆత్మాభిమానం గొడవగానే సాగింది. నాకు కనిపించిన లోపం వేరే. విచారణలో ఉన్నవాణ్ణి భాష కోసం కొట్టటం తప్పు అనిపించకుండా చెయ్యగలిగితే, అదే సినిమాలో రాజన్న మీద పడ్డ దెబ్బలు తప్పు అని ఏ మొహంతో చెపుతాం? రెండున్నర గంటలపాటు కష్టపడి కట్టిన వాదనకి దర్శకుడు తన చేత్తోనే ఒక చిల్లు పెట్టుకున్నాడు.

దృక్కోణం అన్నది కథలకీ సినిమాలకీ సంబంధించిన మాట అనుకుంటాం. మనం ఉంటున్న ఈ దేశంలో సుప్రీం కోర్టు 1989లో దాన్ని చట్టమే చేసింది. కేసు పేరు గ్రాహం వర్సెస్ కానర్. నార్త్ కరోలినాలోని షార్లట్‌లో గ్రాహం అనే చక్కెర వ్యాధిగ్రస్తుడికి ఒంట్లో చక్కెర పడిపోయింది. కమలారసం కోసం స్నేహితుడి కారులో కొట్టుకి వెళ్ళాడు. లోపల పెద్ద వరస చూసి వడివడిగా బయటికొచ్చేశాడు. అది చూసిన పోలీసుకి అనుమానం వచ్చింది. కారు ఆపారు, సంకెళ్ళు వేశారు, ఆయన జబ్బు సంగతి చెప్పబోతే వినలేదు, పాదం ఎముక విరిగింది. కొట్టులో ఏమీ జరగలేదని తరవాత తేలింది. పోలీసు వాడిన బలం తగినదా కాదా అని నిర్ణయించేటప్పుడు, ఆ చోట ఉన్న సహేతుకమైన పోలీసు అధికారి కళ్ళతో చూడాలి గాని తరవాత తీరిగ్గా కూర్చుని చూసే కళ్ళతో కాదని కోర్టు చెప్పింది. ఆ 'సహేతుకమైన అధికారి' కోర్టు సృష్టించిన పాత్ర. అప్పటినుంచి ప్రతి కేసులోనూ కథ అతని వైపునుంచే మొదలవుతుంది. 'అంకుశం' కెమెరా ఎక్కడుందో అక్కడే.

2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రం మాడిసన్‌లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గుజరాత్ నుంచి కొడుకు ఇంటికి, మనవణ్ణి చూసుకోవటానికి వచ్చిన యాభై ఏడేళ్ళ పెద్దాయన పొద్దున పూట ఇళ్ళ మధ్య నడుస్తున్నాడు. ఎవరో అనుమానించి పోలీసులకి ఫోను చేశారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. రాదని ఆ రెండు ముక్కల్లోనే చెప్పాడు, ఇండియా అన్నాడు, ఇంటి వైపు చెయ్యి చూపించాడు. అధికారి కాలు అడ్డం పెట్టి నేలకి పడేశాడు. ఆ మనిషికి పాక్షికంగా పక్షవాతం వచ్చింది. అంతా పోలీసు కారు కెమెరాలో రికార్డయింది. ఫెడరల్ విచారణలో రెండుసార్లు జ్యూరీ ఒక నిర్ణయానికి రాలేకపోయింది. 2016 జనవరిలో న్యాయమూర్తి కేసు కొట్టేశారు. నగరం 2021లో పదిహేడున్నర లక్షల డాలర్లిచ్చి సివిల్ దావా పరిష్కరించుకుంది. ఈ దేశానికి వచ్చేవాళ్ళు ఈ దేశపు భాష మాట్లాడాలని ఆశిస్తామని అధికారి తరఫు లాయరు జ్యూరీతో అన్నాడు. 'జైభీమ్'లోని ఆ చెంపదెబ్బకి చప్పట్లు కొట్టిన మనవాళ్ళు ఈ వాదన విని మండిపడ్డవాళ్ళే అయివుంటారు. రెండిటికీ తేడా చెప్పమంటే నాకు కష్టం. ఒకచోట కొట్టింది మనవాడు, అంతే.

ఆ వీడియోలో పాండికి దొరికిన ముత్తువేల్ లేడు. ఉన్నది కెమెరా ఒక్కటే. అది కూడా పోలీసు కారులోంచి చూస్తోంది.

మనలో చాలామంది ఇళ్ళకి అమ్మానాన్నలు ఆరేసి నెలలు ఉండి వెళుతుంటారు. సాయంత్రం నడకకి పంపేటప్పుడు జేబులో అడ్రసు, ఫోను నంబరు రాసిన కార్డు పెడుతున్నాం. నడుస్తూ ఇళ్ళవైపు తొంగిచూడొద్దని చెపుతున్నాం. 1968లో టెర్రీ కేసులో ఇద్దరు మనుషులు షాపు కిటికీలోంచి చూస్తూ అటూ ఇటూ నడవటమే వాళ్ళని ఆపి తడిమి చూడటానికి సరిపోయిన అనుమానమని ఇక్కడి సుప్రీం కోర్టు ఒప్పుకుంది. అరుగు మీద కూర్చున్నవాళ్ళని పలకరించుకుంటూ నడిచే అలవాటున్న మన పెద్దవాళ్ళకి ఇది ఎలా చెప్పటం? పట్టుకున్నప్పుడు చేతులు జేబులోంచి తియ్యమంటారో, జేబులో పెట్టొద్దంటారో, కూర్చోమంటారో వాళ్ళకి తెలియదు. ఏ అరుపు తరవాత ఏం జరుగుతుందో పోల్చుకోలేరు. సరిగ్గా ఈ స్థితిని లోపలినుంచి చూపించిన కళాఖండం నాకు తెలిసినంతలో 'విసారణై' మొదటి సగమే, అది తీసింది ఒక తమిళుడు, అందులో పోలీసులు మనవాళ్ళు. తెలుగులో ఇక్కడి జీవితం గురించి వచ్చే కథల్లో ఒంటరితనం ఉంది, డాలరు ఉంది, పిల్లలకి తెలుగు రాకపోవటం ఉంది. పోలీసు కారు ఎర్ర నీలం దీపాలు వెనక అద్దంలో కనిపించినప్పుడు ఒక కుటుంబం మొత్తం మాట మానేసి బిగుసుకుపోయే ఆ రెండు నిమిషాల గురించి మంచి కథ నేనింకా చదవలేదు.

సినిమా చూడదలచినవాళ్ళు చిన్నపిల్లల్ని దూరంగా ఉంచండి. హైస్కూలు దాటినవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళతో కలిసి, గుంటూరు భాగం వరకు కింద పడే ఇంగ్లీషు అక్షరాలు తీసేసి చూడండి. తెలుగు సరిగా రాని మన పిల్లలకి ఇన్‌స్పెక్టరు మాటలు పాండికి వినిపించినట్టే వినిపిస్తాయి. మొదటి దెబ్బ పడ్డాక మన వైపు తిరిగి, అతనేమంటున్నాడని అడుగుతారు.